కుట్లు తెలియని సాయంత్రం

పోయిన నెల మా వదినకు పొట్ట కోసి గర్భసంచి తీసేశారు. పొద్దున ఆపరేషన్. సాయంత్రం రామంతాపూర్ నుంచి వెళ్లి, మంచం పక్కన కూర్చుని అడిగాను.

"వదినా, నొప్పి ఎట్లుంది?"

"లోపల గుంజుతున్నది గానీ, కుట్లు మాత్రం తెలుస్తలేవు."

నేను మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరైనదాన్ని. లోపలి గుంజుడు వేరు, కోసిన పొట్ట గోడ నొప్పి వేరు. ఆ తేడా ఆమె నోట వింటే కళ్లు చెమర్చాయి.

మా హైదరాబాద్ నగరానికి మత్తు సంగతి కొత్త కాదు. 1888లో, మళ్లీ 1889లో క్లోరోఫాం మీద ఇక్కడే రెండు కమిషన్లు పనిచేశాయి. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, పట్టుదల రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీది. మొదటి కమిషన్ తేల్చినదాన్ని లండన్ 'లాన్సెట్' పత్రిక నమ్మలేదు. నిజాం వెయ్యి పౌండ్లిచ్చి, ఆ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్‌ను హైదరాబాద్‌కు రప్పించారు. కుక్కలు, కోతులు వగైరా నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలు జరిగాయి. క్లోరోఫాం ప్రాణం తీసేటప్పుడు ముందు ఆగేది ఊపిరా, గుండెనా? ఊపిరేనన్నారు, మత్తిచ్చేవాడు శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలన్నారు. అది తప్పని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు: తేలికపాటి క్లోరోఫాం మత్తులో కూడా గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోగలదు. శ్వాసను చూడమన్నది మంచి పాఠమే, గుండెను వదిలెయ్యడం మాత్రం పెద్ద పొరపాటు.

లారీ దగ్గర చదువుకున్న రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరుగా చెబుతారు. నా విద్యార్థినులందరికీ ముందుగా ఆమె పేరే చెప్పాను.

అప్పటి ఆరాటమంతా మనిషి బల్ల మీది నుంచి ప్రాణాలతో లేవడం గురించే. లేచాక పడే బాధను ఎవరూ అంతగా పట్టించుకోలేదు. నిజానికి దారి అప్పటికే దొరికింది. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతో కన్ను తిమ్మిరెక్కించాడు. వెంటనే అమెరికాలో హాల్‌స్టెడ్ అదే మందును నరాల దగ్గర ఎక్కించాడు. 1898లో జర్మనీలో ఆగస్ట్ బీర్ వెన్నులో సూది వేశాడు. అయినా నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆపరేషన్ తర్వాత నొప్పికి ఫోర్ట్‌విన్, ఫెనర్గాన్ కలిపి ఇచ్చేవాళ్లం. మగతతో పడుకునేవాళ్లు. మెలకువ వచ్చి దగ్గు తోసుకొస్తే, రెండు చేతులతో పొట్ట అదిమి పట్టుకుని ఏడ్చేవాళ్లు. నొప్పికి దగ్గడం మానేస్తే ఛాతీలో కఫం చేరుతుంది. అది మాకు తెలుసు. అయినా "దగ్గమ్మా, దగ్గాలి" అని బలవంతపెట్టేవాళ్లం.

పొట్ట గోడకు మూడు కండర పొరలు. లోపలి రెండింటి నడుమగా నరాలు పక్కటెముకల వైపు నుంచి ముందుకు వస్తాయి. అక్కడ తిమ్మిరి మందు పోస్తే చాలని 2001లో రఫీ అనే డాక్టరు రాశాడు. నడుము పక్కన సూది గుచ్చి, పొరలు దాటుతుంటే వేలికి తగిలే 'టప్' అన్న స్పర్శను నమ్ముకునే పద్ధతి అది. 2007 నాటికి దానికి అల్ట్రాసౌండ్ తోడు వచ్చింది. ఇప్పుడు తెరమీద సూది మొన కనిపిస్తుంది, మందు పోస్తుంటే పొరలు విడిపోయి నల్లటి కన్ను తెరుచుకున్నట్టుంటుంది. దీన్నే టాప్ బ్లాక్ అంటాం. పక్కకు ఇరవై మిల్లీలీటర్ల చొప్పున, పల్చటి బుపివకేన్. మనిషి బరువు చూసి లెక్క కట్టాల్సిందే. ఎక్కువైనా, రక్తనాళంలోకి పోయినా ఈ మందు గుండెను దెబ్బ కొట్టగలదు. అందుకే మా కన్ను మానిటర్ మీద నుంచి కదలదు.

ఈ సూది లోపలి అవయవాల నొప్పిని ఆపదు. గుంజుడుకు వేరే మందులుండాలి. మా వదినకు ఈ సూదితో పాటు అవీ ఇచ్చారు.

కాసేపటికి ఆమెకు దగ్గు వచ్చింది. అలవాటుగా నా చేయి ఆమె పొట్ట మీదికి పోయింది. "అక్కర్లేదు లే" అని తీసేసి, "చాయ్ ఎప్పుడు తాగనిస్తరో కనుక్కో" అన్నది.