కాకిబంగారపు సీమలో సమాన వేతనము

పాతకాలపు వాల్వు రేడియో వెనుకపలక విప్పి చూచిన వారికి అందులో కండెన్సరులు కనబడును. వానిలో కొన్నింటి లోపల పలుచని అభ్రకపు రేకులుండెడివి. ఆ రేకు ఏ గనిలో పుట్టినదో, ఏ చేతులు దానిని పొరలుపొరలుగా విడదీసినవో మనము తలపోయుట అరుదు.

నెల్లూరు తీరమునకు కొంత పడమరగా, గూడూరు, రాపూరు ప్రాంతములలో, పందొమ్మిదవ శతాబ్ది చివరి నుండి అభ్రకపు గనులు సాగినవి. జనులు దీనిని కాకిబంగారమందురు. ఆకుపచ్చ ఛాయ గల నెల్లూరు అభ్రకము మద్రాసు రేవు మీదుగా దేశాంతరములకు వెళ్లెను. గనిలో పలుగు పట్టినవారు పురుషులు. ఏరుట, పొరలు విడదీయుట, రకములు వేరుచేయుట వంటి పనులలో స్త్రీలు మెండుగా నుండిరి. పని వేరు గనుక కూలి వేరనుట సులభమైన సమాధానమైనది. వరిపొలములలోను ఇదే మాట. నాట్లు, కలుపు స్త్రీలవి. దుక్కి, మోత పురుషులవి.

చట్టము ఈ చిక్కును ఒక్కసారిగా విప్పలేదు. 1936 నాటి వేతన చెల్లింపు చట్టము, మొదట కర్మాగారములకు, రైల్వేలకు వర్తించి, జీతము సకాలమున, అక్రమపు కోతలు లేక ఈయవలెనని శాసించెను. 1948 నాటి కనీస వేతనముల చట్టపు పట్టికలో అభ్రకపు పనులును, వ్యవసాయమును చేరినవి. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము, 39వ అధికరణములో, స్త్రీపురుషులకు సమానమైన పనికి సమాన వేతనమును రాజ్యము లక్ష్యముగా నుంచుకొనవలెనని చెప్పెను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన 100వ ఒడంబడికను మన దేశము 1958లో ధ్రువీకరించెను. అయినను లక్ష్యము శాసనమగుటకు అంతర్జాతీయ మహిళా సంవత్సరము రావలసివచ్చెను. 1975లో ఆర్డినెన్సు, 1976లో సమాన వేతన చట్టము వెలువడినవి.

ఆ చట్టములో రెండు మెలకువలు గమనింపదగినవి. సమానత్వము పేరిట ఎక్కువ కూలిని తగ్గింపరాదు. తక్కువ కూలినే పెంచవలెను. యజమాని రిజిస్టరులు ఉంచవలెను. 1987లో మాకినన్ మెకంజీ కేసున సుప్రీంకోర్టు, మహిళా స్టెనోగ్రాఫర్లకు వేరు పేరు పెట్టి తక్కువ జీతమిచ్చుట చెల్లదనియు, కంపెనీకి శక్తి లేదనుట సాకు కాదనియు తీర్పు చెప్పెను. కాని పోల్చి చూపుటకు పురుషుడే లేని పనిలో స్త్రీ ఎవరి కూలిని ఎత్తిచూపగలదు? అభ్రకపు పొరలు విడదీసిన చేతుల ప్రశ్న అక్కడనే నిలిచెను.

రిజిస్టరు యజమాని పెట్టెలో నున్నంత కాలము హక్కు సగమే. 2019 నాటి వేతనముల స్మృతి, 2025 నవంబరు 21న అమలునకు వచ్చి, పై మూడు చట్టములను తనలో కలుపుకొన్నది. వర్గముల వారీగా వేతనపు రేట్లను, చెల్లింపు దినమును నోటీసు బోర్డుపై ప్రకటింపవలెననియు, ప్రతి ఉద్యోగికి వేతనపు చీటీ ఈయవలెననియు అందు కలదు. ఐరోపా కూటమి 2023లో ఇంకొక అడుగు వేసినది. అచటి నిర్దేశము ప్రకారము, తనతో సమానమైన పని చేయువారి సగటు జీతము స్త్రీలకెంత, పురుషులకెంత అని ఉద్యోగి అడిగి తెలిసికొనవచ్చును.

మన స్మృతిలో ఒక మినహాయింపు ఉన్నది. వ్యవసాయమునకో, ఇంటిపనికో ఐదుగురికి మించని పనివారిని పెట్టుకొన్న యజమానికి ఈ రిజిస్టరు, బోర్డు, చీటీల బాధ్యత లేదు. అనగా నలుగురు కూలీలు కలుపు తీయు చిన్న చేనునకును, ఒక్కతె అంట్లు తోము ఇంటికిని బోర్డు రాదు. అచట కూలి ఎంతయో నోటిమాటగానే మిగులును.

ఆ నోటిమాటను నలుగురి యెదుట పలుకుటకు మాత్రము ఏ శాసనమును అడ్డు రాదు. మన ఇండ్లలో పనిచేయువారికి మన మేమి ఇచ్చుచున్నామో, పొరుగింట ఏమి ఇచ్చుచున్నారో ఈ సాయంకాలమే మాటాడుకొనవచ్చును. లెక్క వెలుగులోనికి వచ్చిన పిమ్మట వ్యత్యాసమునకు కారణము చెప్పవలసిన భారము ఇచ్చువారిపైననే పడును.