భర్హుత్ రాతిలో వడ్రంగి పిట్ట

మన దేశంలో వడ్రంగి పిట్టకు కట్టబెట్టిన అర్థాలలో బాగా పాతది యజుర్వేదంలో ఉంది. అశ్వమేధ యాగంలో ఏ జీవి ఏ దేవతకు చెందుతుందో చెప్పే పట్టికలో దార్వాఘాటం, అంటే కొయ్యను కొట్టే పిట్ట, వనస్పతుల పాలికి వస్తుంది. అది పొడిచేది చెట్టునే, చెందేదీ చెట్టుకే. బెంగాలీలు దాన్ని కాఠ్‌ఠోక్‌రా, అంటే కట్టెను పొడిచేది, అంటారు. తెలుగువారు మాత్రం ఏకంగా ఒక వృత్తి పేరే పెట్టారు. పనిముట్టు పట్టిన మనిషితో పిట్టను పోల్చిన ఈ పేరులోనే దాని మీది గౌరవం తెలుస్తుంది.

ఈ పిట్టతో నీతి చెప్పించినవి బౌద్ధ జాతక కథలు. వాటిలో కందగలక జాతకం సూటిగా పనితనం గురించినది. బోధిసత్వుడు, అంటే పూర్వజన్మలోని బుద్ధుడు, హిమాలయాల్లో చండ్ర చెట్ల అడవిలో వడ్రంగి పిట్టగా పుడతాడు. అతని మిత్రుడు కందగలకుడు చేవలేని మెత్తటి చెట్ల వనంలో ఉండే మరో వడ్రంగి పిట్ట. అతను చూడవచ్చినప్పుడు బోధిసత్వుడు చండ్ర మాను పొడిచి, పురుగులు తీసి పెడతాడు. నాలుగు రోజులు తిన్నాక అతిథికి గర్వం తలకెక్కుతుంది. ఇతను చేసేది నేను చేయలేనా అనుకుంటాడు. చండ్రకు చేవ ఎక్కువ, నీ వల్ల కాదని మిత్రుడు చెప్పినా వినడు. ఒక్క పోటుకే ముక్కు విరిగి, నేలకూలి చనిపోతాడు. చేవ అన్న మాట తెలిసిన వడ్రంగికి ఈ కథను విడమరిచి చెప్పనక్కర్లేదు. ఓపికగా కొడుతూ పోతే ఏదైనా లొంగుతుందని ఈ పిట్టను చూపి నేడు చాలామంది చెబుతారు. పాత కథ చెప్పేది వేరు: కొట్టే ముందు కర్రను ఎరగాలి.

జవశకుణ జాతకంలో సింహం గొంతులో ఎముక ఇరుక్కుంటుంది. వడ్రంగి పిట్ట దాని దవడల మధ్య పుల్ల నిలిపి, లోపలికి వెళ్లి ఎముకను తీస్తుంది. తరువాత సింహం కృతజ్ఞత చూపదు.

కురుంగమృగ జాతకం స్నేహానికి సంబంధించినది. జింక తోలు ఉచ్చులో చిక్కుకుంటుంది. తాబేలు వార్లు కొరకడానికి పూనుకుంటే, వడ్రంగి పిట్ట వేటగాడిని ఆపడానికి అతని ఇంటికి వెళ్తుంది. వేకువన అతను కత్తి పట్టుకుని ముందు వాకిలి దాటగానే రెక్కలు కొట్టి ముఖం మీద పొడుస్తుంది. అపశకునమని అతను వెనక్కి వెళ్లి పడుకుంటాడు. ఈసారి పెరటి వాకిట బయలుదేరితే, అక్కడా అదే పిట్ట. అతను తెల్లవారేదాకా ఆగిపోతాడు. ఈలోగా నోరు నెత్తురోడుతున్నా తాబేలు ఒక్క వారు తప్ప అన్నీ కొరికేస్తుంది. ఆ ఒక్కటీ తెంచుకుని జింక పారిపోతుంది. వేటగాడు తాబేలును పట్టి సంచిలో వేస్తే, జింక అతన్ని అడవిలో దూరంగా తిప్పి, వెనక్కి వచ్చి, కొమ్ముతో సంచి చీల్చి విడిపిస్తుంది. ఆ జన్మలో పిట్ట సారిపుత్రుడని, తాబేలు మొగ్గల్లానుడని కథ ముగింపు చెబుతుంది. బుద్ధుడి ప్రధాన శిష్యులలో మొదటివాడైన సారిపుత్రుడికి దక్కిన పాత్ర కనుక పిట్ట స్థానం చిన్నది కాదు.

ఈ కథ కోల్‌కతాలో రాతి రూపంలో ఉంది. మధ్యభారతంలోని భర్హుత్ స్తూపాన్ని పురావస్తువేత్త అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 1873లో గుర్తించాడు. క్రీ.పూ. 2వ శతాబ్దం నాటి ఆ స్తూపం చుట్టూ ఉన్న ఎర్ర ఇసుకరాతి ప్రాకారంలో మిగిలిన భాగాలను తరువాత కలకత్తాకు తరలించారు. 1879లో ఆయన వాటిపై పుస్తకం ప్రచురించాడు. ప్రాకారం మీది జాతక శిల్పాల్లో కురుంగమృగ జాతకం ఒకటి. ఇండియన్ మ్యూజియంలోని భర్హుత్ గదిలో ఈ ప్రాకారం నేటికీ నిలిచి ఉంది. అమరావతి స్తూపపు రాళ్లు కొన్ని కూడా ఇదే మ్యూజియానికి చేరాయి కనుక తెలుగువారికి ఈ చోటు పరాయిది కాదు.

పిట్ట శాస్త్రీయ నామాల చరిత్రలోనూ బెంగాల్‌కు పాలు ఉంది. బంగారు వీపు వడ్రంగి పిట్టకు ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో బెంగాల్ పేరునే పెట్టాడు. నేటికీ అది డైనోపియం బెంగాలెన్సె. ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం క్యూరేటరుగా 1841 నుంచి రెండు దశాబ్దాలు కలకత్తాలో పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్, 1843లో దాన్ని పోలిన మరో ప్రజాతికి క్రైసోకొలాప్టెస్ అని పేరు పెట్టాడు. గ్రీకులో ఆ మాటకు బంగారు రంగు చెక్కేవాడని అర్థం. తెలుగు పల్లెల్లో పుట్టిన పేరూ, కలకత్తా పండితుడు పెట్టిన పేరూ ఒకే పనిని పట్టుకున్నాయి.

 

రాతిలోనే కాదు, ప్రాణంతోనూ ఈ పిట్టను ఇక్కడ చూడవచ్చు. కోల్‌కతా దక్షిణ శివారులోని నరేంద్రపూర్‌లో, ఒకప్పటి మామిడితోటలో చింతామణి కర్ పక్షి అభయారణ్యం ఉంది. బెంగాలీ శిల్పి చింతామణి కర్ పేరు దానికి పెట్టారు. అక్కడి ముదురు మాన్లపై బంగారు వీపు వడ్రంగి పిట్ట ముందుకు రెండు, వెనక్కి రెండు వేళ్లతో బెరడును పట్టుకుని, బిరుసు తోకను ఊతకర్రలా ఆనించి పైకి ఎగబాకుతుంది. మగదాని నెత్తి ముందు నుంచి వెనుక దాకా ఎర్రగా, ఆడదానికి ముందు భాగం తెల్ల చుక్కలున్న నల్లగా ఉంటుంది. ఎండిన, పుచ్చిన కొమ్మలను ఏరి అవి తొర్ర తొలుస్తాయి. అవి విడిచిన తొర్రల్లో గోరువంకలు, రామచిలుకలు గుడ్లు పెట్టుకుంటాయి.