పండుగ తగ్గింపుల్లో టీవీ కొనుగోలు: సూరత్ తెలుగు కుటుంబాలు గమనించవలసిన అంశాలు

నవరాత్రుల నుంచి దీపావళి వరకు సాగే వారాలు దేశంలో టెలివిజన్ అమ్మకాలకు ముఖ్యమైన కాలం. సూరత్‌లో ఈ కాలానికి మరో ప్రాధాన్యం కూడా ఉంది. దీపావళి తరువాత, సాధారణంగా లాభపంచమి దాకా, ఇక్కడి వస్త్ర మార్కెట్లు, మరమగ్గాల కర్మాగారాలు సెలవు పాటిస్తాయి. కార్మికుల చేతికి బోనస్ అందేదీ, సొంత ఊరికి ప్రయాణం కట్టేదీ ఈ రోజుల్లోనే. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చి లింబాయత్, ఉధనా పరిసరాల్లో స్థిరపడిన నేత కుటుంబాలు ఈ నగర జీవితంలో భాగమయ్యాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోంది.

ఇటువంటి కుటుంబాలకు కొత్త టీవీ అంటే ఏడాది శ్రమకు దక్కిన సొమ్ములో పెద్ద భాగం. ప్రకటనల్లో కనిపించే తగ్గింపు శాతాన్ని కాక, చివరకు జేబులోంచి ఎంత పోతోంది, దానికి బదులుగా ఏ వస్తువు వస్తోంది అన్న రెండు ప్రశ్నలను పట్టుకుంటే ఆ సొమ్ము సద్వినియోగమవుతుంది.

శాతం వేరు, ధర వేరు

టీవీ పెట్టెపై ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో అన్ని పన్నులూ కలిసి ఉంటాయి. అంతకు మించి వసూలు చేయడం చట్టవిరుద్ధం. అయితే ఆ ధరకూ మార్కెట్లో వస్తువు నిజంగా అమ్ముడయ్యే ధరకూ మధ్య ఎంత దూరం ఉన్నా అడ్డు లేదు. ముద్రించిన ధర ఎంత ఎక్కువగా ఉంటే తగ్గింపు శాతం అంత ఘనంగా కనిపిస్తుంది. ఉదాహరణకు 25,000 రూపాయల ముద్రిత ధరపై 60 శాతం తగ్గిస్తే చెల్లించవలసింది 10,000. అదే కొలత గల మరో టీవీ ముద్రిత ధర 14,000 అనుకుంటే, 30 శాతం తగ్గింపుతో అది 9,800 రూపాయలకే వస్తుంది. చిన్న శాతం ఉన్నదే ఇక్కడ చవక.

కొనదలచిన రెండు మూడు మోడళ్ల పూర్తి సంఖ్యలను పండుగకు మూడు నాలుగు వారాల ముందే ఒక కాగితంపై రాసుకుని, దుకాణంలోనూ ఆన్‌లైన్‌లోనూ వాటి ధరలను వారానికోసారి నమోదు చేసుకోవడం మేలు. అమ్మకాల రోజున ధర నిజంగా తగ్గిందా లేదా అన్నది ఆ కాగితమే చెబుతుంది. మోడల్ సంఖ్యను చివరి అక్షరం వరకు సరిచూడాలి. ఒకే కంపెనీ, ఒకే కొలత, ఒకే రూపం ఉన్నా, చివరి అక్షరం మారితే తయారైన సంవత్సరమో, లోపలి భాగాలో మారి ఉండవచ్చు.

పన్ను తగ్గింపు ఏ టీవీలకు?

వస్తుసేవల పన్ను పేరుతో వచ్చే ప్రకటనలను కూడా కొంత పరిశీలనతో చూడాలి. 32 అంగుళాలకు మించిన టీవీలపై జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 32 అంగుళాల టీవీలు మాత్రం 2019 జనవరి 1 నుంచే 18 శాతం పరిధిలో ఉన్నాయి. కాబట్టి 32 అంగుళాల టీవీకి ‘పన్ను తగ్గింది కనుక ధర తగ్గించాం’ అని ఎవరైనా చెబితే ఆ మాటకు ఆధారం లేదు.

పెద్ద తెరల విషయంలోనూ లెక్క తెలిసి ఉండాలి. పన్నుకు ముందు 20,000 రూపాయలుండే టీవీ పాత పన్నుతో 25,600, కొత్త పన్నుతో 23,600 అవుతుంది. కొనేవారికి మిగిలేది 2,000, అంటే పాత ధరలో దాదాపు 8 శాతం. పన్ను పది శాతం తగ్గినా ధర పది శాతం తగ్గదు. ఈ పన్ను దేశమంతటా ఒకటే కనుక, సూరత్‌లో కొన్నా వరంగల్‌లో కొన్నా పన్ను భారంలో తేడా ఉండదు.

గదిని బట్టి తెర

టీవీ కొలతను తెర మూల నుంచి ఎదుటి మూలకు లెక్కిస్తారు. 32 అంగుళాలంటే సుమారు 80 సెంటీమీటర్లు, 43 అంగుళాలంటే 108 సెంటీమీటర్లు. అంకెల్లో తేడా పదకొండు అంగుళాలే అయినా తెర వైశాల్యం దాదాపు 80 శాతం పెరుగుతుంది. ఒకటి రెండు గదుల ఇంట్లో గోడ ఎంత ఉంది, కూర్చునే చోటు ఎంత దూరంలో ఉంది అన్నవి ముందుగా కొలుచుకోవాలి.

చిత్రం స్పష్టత పిక్సెళ్ల సంఖ్యపై ఆధారపడుతుంది. హెచ్‌డీ రెడీ తెరలో అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు, అంటే మొత్తం సుమారు పదిన్నర లక్షలు ఉంటాయి. ఫుల్ హెచ్‌డీలో సుమారు 20.7 లక్షలు, 4కె తెరలో సుమారు 83 లక్షలు. అయితే కంటికి ఒక హద్దు ఉంది. 32 అంగుళాల తెరను ఆరడుగుల దూరం నుంచి చూసేవారికి హెచ్‌డీ రెడీకీ ఫుల్ హెచ్‌డీకీ మధ్య తేడా పెద్దగా తెలియదు. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే తెలుస్తుంది. 43 అంగుళాల తెర విషయంలో ఆరడుగుల దూరానికి ఫుల్ హెచ్‌డీ సరిపోతుంది. 4కె టీవీ దాదాపు అదే ధరకు దొరికితే తీసుకోవచ్చు గాని, దాని కోసం వేల రూపాయలు అదనంగా పెట్టనక్కరలేదు. కేబుల్‌లో వచ్చే సాధారణ స్థాయి ప్రసారాలకు 4కె తెర కొత్త వివరాలను చేర్చలేదు.

పెట్టె మీది మాటలు

ఎల్‌ఈడీ టీవీ అని అమ్మేవన్నీ నిజానికి ఎల్‌సీడీ తెరలే. వెనుక నుంచి వెలుగు ఇచ్చేవి మాత్రమే ఎల్‌ఈడీ దీపాలు. క్యూఎల్‌ఈడీలో ఆ వెలుగుకు రంగులను మెరుగుపరిచే క్వాంటమ్ డాట్ పొర ఒకటి అదనంగా చేరుతుంది. హెచ్‌డీఆర్ అన్న గుర్తు ఉన్నా, తెరకు తగినంత కాంతి లేకపోతే ఆ గుర్తు వల్ల కలిగే ప్రయోజనం స్వల్పం. చవక టీవీల్లో తరచూ ఇదే పరిస్థితి.

స్మార్ట్ టీవీ కొన్న ఏడాది రెండేళ్లకే మందగించడానికి సాధారణ కారణం లోపలి మెమరీ చాలకపోవడం. ఒక జీబీ ర్యామ్‌తో పోలిస్తే ఒకటిన్నర లేదా రెండు జీబీ ఉన్న టీవీ ఎక్కువ కాలం సాఫీగా నడుస్తుంది. కావలసిన యాప్‌లు ఆ టీవీలో పని చేస్తాయో లేదో షోరూమ్‌లోనే తెరిపించి చూడాలి. మరమగ్గాల చప్పుడు వినిపించే వాడల్లో ఉండేవారు మాటల స్పష్టత తెలియడానికి వార్తల చానల్ పెట్టించి వినాలి. పాత సెట్‌టాప్ బాక్సు ఉన్నవారు దానికి తగిన ఏవీ సాకెట్ టీవీకి ఉందో లేదో చూసుకోవాలి.

విద్యుత్ పొదుపు సంస్థ ఇచ్చే నక్షత్రాల లేబుల్‌ను కూడా పోల్చుకోవాలి. 50 వాట్లు వాడే టీవీ రోజుకు ఐదు గంటలు నడిస్తే నెలకు ఏడున్నర యూనిట్లు ఖర్చవుతుంది. 100 వాట్లు వాడేదయితే పదిహేను. పేరు తెలియని బ్రాండు, మరీ తక్కువ ధర ఉన్నచోట భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, దానితో ఉండే ‘ఆర్’ సంఖ్య చూడాలి. ఆ సంఖ్య అసలైనదా కాదా అన్నది బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

తెలుగు ప్రసారాలు

టీవీ ధర ఒక్కసారి చెల్లించేది. చానళ్ల రుసుము మాత్రం నెలనెలా వచ్చే ఖర్చు. దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్‌కు నెలవారీ రుసుము లేదు. డిష్, సెట్‌టాప్ బాక్సు ఒకసారి అమర్చుకుంటే డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి సూరత్‌లోనూ అందుతాయి. ఉపగ్రహ ట్యూనర్ లోపలే ఉండే టీవీల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 18112 పేరుతో 2022లో ఒక ప్రమాణం రూపొందించింది. అలాంటి టీవీకి డిష్‌ను నేరుగా కలిపి ఉచిత చానళ్లు చూడవచ్చు. అన్ని మోడళ్లలో ఈ సదుపాయం ఉండదు కనుక కొనే ముందే అడగాలి. ఇంటర్నెట్ ఉన్నవారికి ప్రసార భారతి 2024 నవంబరులో ప్రారంభించిన వేవ్స్ యాప్ మరో మార్గం.

వాయిదాలు, కార్డు రాయితీలు

బ్యాంకు కార్డుపై ‘10 శాతం తక్షణ తగ్గింపు’ అని ఉంటే గరిష్ఠ పరిమితి ఎంతో చదవాలి. పరిమితి 1,000 రూపాయలయితే 15,000 రూపాయల టీవీపై తగ్గేది 1,500 కాదు, 1,000 మాత్రమే.

వడ్డీ లేని వాయిదాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. క్రెడిట్ కార్డులపై సున్నా వడ్డీ పథకాల్లో వడ్డీ ఏదో ఒక రూపంలో దాగి ఉంటుందని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను హెచ్చరించింది. ఒక ఉదాహరణ చూద్దాం. 12,000 రూపాయల టీవీకి ఆరు నెలల వడ్డీ 500 అనుకుందాం. అమ్మకందారు ఆ 500 తగ్గించి చూపుతాడు, బ్యాంకు దానినే వడ్డీగా తీసుకుంటుంది. ఆ వడ్డీపై జీఎస్‌టీ 90 రూపాయలు. నిర్వహణ రుసుము 200 అయితే దానిపై పన్నుతో కలిపి 236. మొత్తం 12,326 రూపాయలు కట్టినట్టవుతుంది. ఒకేసారి చెల్లిస్తే ఎంతకు ఇస్తారని అడిగి, ఆ మొత్తంతో దీనిని పోల్చిన తరువాతే నిర్ణయించుకోవాలి.

ఆన్‌లైన్‌లో ‘ఇంకా రెండే మిగిలాయి’ అంటూ తప్పుడు తొందర పెట్టడం, అడగని బీమాను బుట్టలో చేర్చడం వంటి పద్ధతులను 2023 నవంబరు 30 నాటి కేంద్ర మార్గదర్శకాలు నిషేధించాయి. అయినా చెల్లించే ముందు బుట్టలోని ప్రతి వరుసను చదువుకోవడం మంచిది.

ఊరికి తీసుకువెళ్లేవారికి

సూరత్ మీదుగా వరంగల్, విజయవాడ వైపు సాగే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో పండుగకు టీవీ పెట్టెతో ఊరెళ్లాలనుకునేవారు రైల్వే నిబంధన తెలుసుకోవాలి. స్లీపర్ తరగతిలో ఉచితంగా 40 కిలోల సామాను అనుమతిస్తారు. పెట్టె పరిమాణం మాత్రం పొడవు 100, వెడల్పు 60, ఎత్తు 25 సెంటీమీటర్లకు మించరాదు. 32 అంగుళాల టీవీ పెట్టె సాధారణంగా ఈ కొలతల్లో ఇముడుతుంది. 43 అంగుళాల పెట్టె పొడవు సాధారణంగా మీటరు దాటుతుంది కనుక దానిని బ్రేక్ వ్యానులో బుక్ చేయవలసి ఉంటుంది. టీవీని పడుకోబెట్టకుండా నిలువుగానే ఉంచాలి. ప్రయాణంలో పగిలిన తెరకు సాధారణ వారంటీ వర్తించదు.

ఇల్లు ఊరిలోనే ఉన్నవారికి ఆ చిరునామాకే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం తరచూ మేలైన మార్గం. ఎలా కొన్నా, ఆ కంపెనీ సర్వీసు కేంద్రం సూరత్‌లో ఉంటే చాలదు. టీవీ ఉండబోయే జిల్లాలో ఉందా అన్నది ముందుగా విచారించాలి.

బిల్లు, ఫిర్యాదు

బిల్లు లేకుండా తీసుకుంటే కొంత తగ్గిస్తామనే మాటకు లొంగరాదు. బిల్లు లేనిచోట వారంటీ కోరడం, ఫిర్యాదును నిరూపించడం రెండూ కష్టమవుతాయి. కొన్నవారి పేరు, మోడల్ సంఖ్య, టీవీ సీరియల్ సంఖ్య, తేదీ బిల్లుపై ఉండాలి. పెట్టె తెరిచేటప్పుడు ఫోనులో వీడియో తీసుకుంటే, లోపం మొదటి నుంచే ఉందని చూపడానికి అది ఆధారమవుతుంది.

వివాదం వస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు తెలుగులోనే ఫోను చేయవచ్చు. అక్కడ పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఫిర్యాదుదారు నివసించే లేదా పని చేసే చోటి కమిషన్‌లో కూడా కేసు వేయవచ్చు. సూరత్‌లో కొని సిరిసిల్లకు తిరిగి వెళ్లి స్థిరపడినవారు మళ్లీ గుజరాత్‌కు రావలసిన పని లేదు. 5 లక్షల రూపాయల వరకు విలువ గల వస్తువులపై ఫిర్యాదుకు రుసుము ఉండదు. సమస్య తలెత్తిన రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి.

దుకాణానికి బయలుదేరే ముందు గోడ కొలత, కూర్చునే దూరం, మోడల్ సంఖ్యలు, మూడు వారాల ధరలు, ఖర్చు పెట్టగల గరిష్ఠ మొత్తం ఒకే కాగితంపై రాసుకుంటే సరిపోతుంది. ఆ మొత్తానికి తగిన టీవీ ఈ పండుగకు దొరకకపోతే ఆగినా నష్టం లేదు. సంక్రాంతి తరువాత గణతంత్ర దినోత్సవానికి, ఆగస్టులో స్వాతంత్ర్య దినోత్సవానికి కూడా తగ్గింపు అమ్మకాలు జరుగుతాయి. బోనస్ మాత్రం ఏడాదికి ఒక్కసారే వస్తుంది.