ఉత్తరించు స్థలం: ప్రార్థన ముందు, చోటు తర్వాత

ఏటా నవంబరు 2 దగ్గరపడుతుంటే పుదుచ్చేరి క్రైస్తవ సమాధుల తోటల్లో కలుపు పీకి, సమాధులకు సున్నం వేస్తారు. ఆ రోజు పూలు, కొవ్వొత్తులు, గురువుగారు చల్లే తీర్థజలం. పిళ్ళైచావడి, కాలాపట్టుల వైపు నుంచి తూర్పు తీర రహదారి మీదుగా పట్టణానికి వచ్చే కతోలికులకు అది పోయినవాళ్ళ కోసం పూజ పెట్టించే రోజు. బంధువుల్లో ప్రొటెస్టెంటు సంఘాలకు వెళ్ళేవాళ్ళుంటే ప్రశ్న తప్పదు: పోయినవారి ఆత్మలు శుద్ధి పొందే ఉత్తరించు స్థలం ఉందని బైబిల్లో ఎక్కడ రాసుంది?

సూటిగానే జవాబు చెప్పాలి. పరలోకానికి ముందు ఆత్మలు శుద్ధి పొందే చోటు ఫలానా అని చెప్పే వచనం బైబిల్లో లేదు. ఉన్నది దానికంటే పాతది: చనిపోయినవారి కోసం బతికున్నవారు చేసే ప్రార్థన.

అది మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో కనిపిస్తుంది. కాలం క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం. యూదా మక్కబీయుడు యుద్ధంలో కూలిన తన సైనికులను పూడ్చడానికి వెళ్తాడు. చూస్తే వాళ్ళ అంగీల కింద యామ్నియా విగ్రహాల తాయెత్తులు. ధర్మశాస్త్రం నిషేధించిన వస్తువులు, ఆ ధర్మం కోసం పోరాడినవారి ఒంటి మీదే! అతడు వాళ్ళను శపించి వదిలెయ్యలేదు. సేనలో ప్రతి ఒక్కరి దగ్గరా చందా పోగుచేసి, 2,000 ద్రాక్మాల వెండిని పాపపరిహార బలి కోసం యెరూషలేముకు పంపాడు. మృతులు లేస్తారన్న నమ్మకమే లేకపోతే ఆ పని వృథా అయ్యేదని గ్రంథకర్త అంటాడు. ఈ వివాదం మొత్తంలో నా మనసుకు తగిలే ఘట్టం ఇదే. అయినా ఒక చిక్కుంది. విగ్రహారాధన కతోలిక బోధన ప్రకారమే చావైన పాపం. అలాంటి పాపంతో పోయినవారికి ఉత్తరించు స్థలం వర్తించదు. కాబట్టి ఈ ఘట్టం ప్రార్థనను గట్టిగా నిలబెడుతుంది గానీ ఆ స్థలాన్ని కాదు. పైగా ఈ గ్రంథం కతోలికుల 73 పుస్తకాల బైబిల్లో ఉంది, ప్రొటెస్టెంట్ల 66 పుస్తకాల బైబిల్లో లేదు.

కొత్త నిబంధన ఆధారాలు ఇంకా పలచన. మొదటి కొరింతీ 3లో పౌలు చెప్పిన అగ్ని పరీక్షించేది సంఘాన్ని కట్టే బోధకుల పనిని, అదీ తీర్పు దినాన. మత్తయి 12 ప్రకారం ఒక పాపానికి ఈ లోకంలోనూ రాబోయే లోకంలోనూ క్షమాపణ లేదు. అయితే మిగతావాటికి అక్కడా ఉండవచ్చునని అగస్తీను, గ్రెగరీ పోపు ఊహించారు. ఊహ మంచిదే, రుజువు మాత్రం కాదు. ఉత్తరించు స్థలాన్ని ఒప్పుకోనివారు చూపే లూకా 23లోని దొంగ (ఆ రోజే పరదైసులో ఉంటావన్న మాట), హెబ్రీ 9:27 (ఒక్కసారే చావు, తర్వాత తీర్పు) కూడా విషయాన్ని తేల్చవు.

తేల్చింది ఆచారం. 203లో కార్తేజు చెరసాలలో వధకు ఎదురుచూస్తున్న పెర్పెతువ, చిన్నప్పుడే పోయిన తమ్ముడు దినోక్రాతెస్ కోసం ప్రార్థించింది. 387లో అగస్తీను తల్లి మోనిక, తనను ఎక్కడ పూడ్చినా ఫరవాలేదు, బలిపీఠం దగ్గర తలుచుకుంటే చాలంది. 1000వ సంవత్సరం ప్రాంతంలో క్లూనీ మఠాధిపతి ఓడిలో నవంబరు 2ను మృతులందరి స్మరణకు కేటాయించాడు. అప్పటిదాకా ఉత్తరించడమంటే ఒక శుద్ధి, ఒక నిప్పు. 1170, 1180ల నడుమ పండితుల రాతల్లో అది ఒక ప్రదేశంగా రూపుకట్టిందని ఫ్రెంచి చరిత్రకారుడు జాక్ ల గోఫ్ 1981లో వాదించాడు. తర్వాత ఇటలీ కవి దాంతే దాన్ని ఏడంతస్తుల కొండగా మలిచాడు.

చోటుతో పాటు లెక్కలూ పెరిగాయి: ఇంత సొమ్ముకు ఇంత శిక్ష తగ్గింపు. 1517లో లూథర్ తిరగబడింది ఆ బేరం మీదే. 1519లో లైప్‌జిగ్ వాదంలో కతోలిక పండితుడు ఎక్ మక్కబీయులను ముందుకు తెస్తే, లూథర్ స్థలం ఉందని నమ్ముతాను గానీ ఆ గ్రంథం ప్రమాణం కాదన్నాడు. 1530కల్లా ఆ నమ్మకమూ వదులుకున్నాడు. 1563లో కతోలికుల ట్రెంట్ సభ ఉత్తరించు స్థలం ఉందనీ, ప్రార్థనలు అక్కడి ఆత్మలకు మేలు చేస్తాయనీ చెప్పి, ప్రసంగాల్లో అంతుచిక్కని చర్చలూ సొమ్ము ఆశా వద్దని కట్టడి చేసింది.

మన తీరానికి ఈ తగవు రెండు వైపుల నుంచి చేరింది. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెసూట్లు పుదుచ్చేరి నుంచి పుంగనూరు దాకా తెలుగు సీమలోకి వెళ్ళారు. 1706లో దక్షిణాన తరంగంబాడిలో లూథరన్లు దిగారు. ఆ మిషన్‌కు చెందిన బెంజమిన్ షుల్జ్ తెలుగు చేసిన లూథర్ చిన్న ప్రశ్నోత్తర గ్రంథం 1746లో జర్మనీలోని హాలేలో అచ్చయింది.

1999 ఆగస్టు 4న పోపు రెండో జాన్ పాల్ తన ఉపదేశంలో ఉత్తరించు స్థలం ఒక చోటు కాదు, ఒక స్థితి అన్నారు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట వచ్చిన ప్రదేశం అలా పక్కకు తప్పుకుంది, ప్రార్థన ఉండిపోయింది. వాక్యం అడిగే బంధువుకు కతోలికులు మక్కబీయులను చూపించి, మిగిలినది శ్రీసభ సంప్రదాయమని దాపరికం లేకుండా చెప్పాలి. పెర్పెతువ నుంచి లెక్కేసినా ఆ సంప్రదాయానికి 1,800 ఏళ్ళు దాటాయి.