ఊగే ట్రైలర్‌కి మందు కాటా మీదే

వయోమింగ్‌లోకి వచ్చేశారు. ఐ-25 మీద చెయెన్ వైపు వెళ్తున్నారు. స్టీరింగ్ మీ చేతిలో ఉంది, పికప్ వెనక పాతికడుగుల ట్రావెల్ ట్రైలర్. పిల్లల్ని తీసుకుని డల్లాస్ నుంచి ఎల్లోస్టోన్‌కి ప్రయాణం. ఎడమ నుంచి పడమటి గాలి కొడుతోంది. పక్క వరసలో పెద్ద ట్రక్కు మిమ్మల్ని దాటడానికి వస్తోంది. దాని మూతి ట్రైలర్ వెనక భాగానికి సమంగా రాగానే, అది తోసుకొచ్చే గాలి తోకను కుడికి నెట్టింది. ట్రక్కు దాటిపోతుంటే మళ్ళీ ఎడమకి లాగింది. మామూలుగా అక్కడితో సర్దుకోవాలి. సర్దుకోలేదు.

"ఏమండీ, వెనక ఊగుతోంది!"

ట్రైలర్ మూల ఒకసారి ఎడమ అద్దంలో, ఒకసారి కుడి అద్దంలో కనిపిస్తోంది. ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దది. కాలు బ్రేకు మీదికి పోతుంది. పోనివ్వకండి. ముందున్న బండి నెమ్మదిస్తే వెనకున్న బరువు దాని మీదికి తోసుకొచ్చి మెలిక పెంచుతుంది. వేగం పెంచి గట్టెక్కుదామనుకున్నా ప్రమాదమే. యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీయండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి, ఊపుకి ఎదురు తిప్పొద్దు. కుడి చేత్తో బ్రేక్ కంట్రోలర్ మీట కదపండి. ఇప్పుడు బ్రేకు పడేది ట్రైలర్ చక్రాలకే. వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు బండి బిగుసుకుని వరసలోకి వస్తుంది.

ఊపిరి పీల్చుకునేలోపు సిమెంటు రోడ్డు మొదలైంది. అతుకు వచ్చినప్పుడల్లా పికప్ ముక్కు లేస్తోంది, దిగుతోంది. వెనక సీట్లో పిల్లల తలలు ఒకే తాళంలో ఊగుతున్నాయి. ఈ ఎగుడుదిగుడు వేరు, ఇందాకటి ఊపు వేరు. చాలామంది రెండింటికీ ఒకటే మందు వెతుకుతారు: ఊపు ఆపే కడ్డీ ఏదైనా కొనేసి బిగించడం. ముందు తూకం వెయ్యాలి. ఇది నేను ఎవరికైనా గట్టిగా చెప్పే మాట.

చెయెన్‌లో ట్రక్ స్టాప్‌కి తిప్పండి. పెద్ద ట్రక్కులు తూగే క్యాట్ స్కేల్ కాటా అక్కడ ఉంటుంది. నేలలో మూడు పలకలు. పికప్ ముందు చక్రాలు ఒకదాని మీద, వెనక చక్రాలు రెండోదాని మీద, ట్రైలర్ చక్రాలు మూడోదాని మీద ఆపండి. ట్రైలర్ తగిలించి, హిచ్ బరువును పికప్ ముందు ఇరుసుకి కూడా పంచే స్ప్రింగ్ బార్లు విప్పి ఒకసారి, ట్రైలర్ పక్కన పెట్టి ఉత్త పికప్‌తో ఇంకోసారి. రెండోసారికి రుసుము కొద్దిగానే.

చీటీలు మీ ఆవిడ చేతిలో ఉన్నాయి, ఫోన్‌లో లెక్క వేస్తోంది. ఉత్త పికప్ 5,800 పౌండ్లు. ట్రైలర్ తగిలిస్తే పికప్ చక్రాల కింద 6,250. అంటే హిచ్ మీద పడే టంగ్ వెయిట్ 450. ట్రైలర్ చక్రాల మీద 5,750. మొత్తం ట్రైలర్ 6,200.

"ఏడు శాతమే వస్తోందండీ. పది నుంచి పదిహేను ఉండాలి కదా?"

దొరికింది. ముక్కు తేలిక, తోక బరువు. అలాంటి ట్రైలర్ ఏ గాలికైనా ఊగుతుంది. బరువు ఎక్కడుందో చూడండి. ఇరుసుల వెనక మంచినీళ్ళ ట్యాంకు నిండుగా ఉంది. గ్యాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు, 40 గ్యాలన్లంటే 330 పైనే. వెనక బంపర్ మీద సైకిళ్ళు. వెనక అరలో పనిముట్ల పెట్టె, ఇనప పెనం, నీళ్ళ సీసాల కేసు. ట్యాంకు ఖాళీ చేయండి. సైకిళ్ళు పికప్ తొట్టిలోకి ఎక్కించండి, అయితే డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీదున్న పేలోడ్ దాటకూడదు. టంగ్ వెయిట్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అరలోని సామాను ట్రైలర్ ముందు గూట్లోకి మార్చండి. మళ్ళీ కాటా ఎక్కితే ట్రైలర్ 5,750, హిచ్ మీద 750. పదమూడు శాతం.

ఇక ఎగుడుదిగుడు సంగతి. టేపు తీసి పికప్ ముందు చక్రం పైనున్న ఫెండర్ అంచు ఎత్తు కొలవండి. ట్రైలర్ లేకుండా 37 అంగుళాలు. తగిలిస్తే 38. ముందు ఇరుసు మీద బరువు తగ్గింది, అందుకే ముక్కు ఎగురుతోంది. ట్రైలర్ జాకీతో హిచ్ పైకెత్తి, స్ప్రింగ్ బార్ గొలుసు ఒక లింకు బిగించి, దించి కొలవండి: 37 ముప్పావు. ఇంకో లింకు: 37 పావు. పెరిగిన అంగుళంలో కనీసం సగం తగ్గాలి. మీ పికప్ మాన్యువల్ ఎంత చెబితే అంతకే బిగించండి, అతిగా వద్దు. ట్రైలర్ నేలకి సమంగా ఉందో లేదో పక్కనుంచి చూడండి. ముక్కు పైకి లేచి ఉండకూడదు. టైర్ల గాలి మాత్రం పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. ట్రైలర్ టైర్లకి పక్కన అచ్చేసిన పూర్తి ఒత్తిడి పెట్టండి. షాక్ అబ్జార్బర్లు అరిగితే ఏ బార్లూ ఆదుకోవు.

ఐ-80 ఎక్కండి. 8,640 అడుగుల షెర్మన్ సమ్మిట్ దాటాక లారమీ దాకా పల్లం. ట్రైలర్ అసలు తీరు బయటపడేది పల్లంలోనే. గేరు తగ్గించి, 55కి మించకుండా దిగండి. ట్రక్కు వచ్చింది, దాటింది. ట్రైలర్ ఒకసారి పక్కకి జరిగి కుదుటపడింది. అద్దంలో మూల మళ్ళీ కనిపించలేదు.

లారమీ దగ్గర దీపాల బోర్డు వెలుగుతోంది: రాలిన్స్ వైపు గంటకు 60 మైళ్ళ గాలి, తేలికైన ఎత్తైన వాహనాలకు దారి మూసేశారు. మీది అదే. ఆర్లింగ్టన్, ఎల్క్ మౌంటెన్ దగ్గర ఈ గాలి ఏ సర్దుబాటునీ లెక్కచెయ్యదు. క్యాంప్‌గ్రౌండ్‌కి మళ్ళండి, తెల్లవారుజామున గాలి తగ్గితే బయల్దేరవచ్చు. మంచినీళ్ళ ట్యాంకు మాత్రం ఇక్కడ నింపకండి. గొట్టం నేరుగా ట్రైలర్‌కి కలుపుకుంటే రాత్రికి సరిపోతుంది.