విమాన సిబ్బందికి అత్యవసర సంఘటనానంతర సహాయం

గగనతలంలో ఇంజను ఆగిపోవడం, పొగ లేక మంటలు పుట్టడం, క్యాబిన్‌లో వాయుపీడనం పడిపోవడం, ప్రయాణీకుడు మరణించడం వంటి అత్యవసర పరిస్థితులను ఎదుర్కొన్న పైలట్లకు, క్యాబిన్ సిబ్బందికి తదనంతరం అందించే మానసిక, సామాజిక తోడ్పాటును సంఘటనానంతర సహాయం అంటారు. విమానం క్షేమంగా నేలకు దిగినంత మాత్రాన అందులోని సిబ్బంది మనస్సు కుదుటపడినట్లు కాదన్నది దీనికి మూలమైన భావన.

ఆవశ్యకత

అత్యవసర సమయంలో సిబ్బంది తాము పొందిన శిక్షణ ప్రకారం యాంత్రికంగా పనిచేస్తారు. భయం, ఆందోళన తరచుగా ఆ తరువాతనే బయటపడతాయి. నిద్రలేమి, జరిగిన సంఘటన పదే పదే కళ్ళముందు మెదలడం, ఉలికిపాటు, చిరాకు, ఏకాగ్రత లోపించడం ముఖ్య లక్షణాలు. అత్యధికులలో ఇవి కొద్ది వారాలలో వాటంతట అవే తగ్గిపోతాయి. నెలకు మించి కొనసాగి, దైనందిన జీవితానికి ఆటంకం కలిగించినచో అది అభిఘాతానంతర ఒత్తిడి రుగ్మత కావచ్చును. దీనికి వైద్యుని చికిత్స అవసరం.

పైలట్ల విషయంలో మరొక చిక్కు కలదు. వైద్య ధ్రువపత్రం లేనిదే వారు విమానం నడపరాదు. అందువలన మానసిక బాధను వెల్లడిస్తే జీవనోపాధి పోవునన్న భయంతో దానిని దాచిపెట్టే అవకాశం ఉన్నది.

కొన్ని సంఘటనలు

* 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం ముందరి అద్దం ఊడిపోగా, కెప్టెన్ శరీరం సగం వరకు బయటకు లాగివేయబడినది. సహపైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించేవరకు క్యాబిన్ సిబ్బంది ఆయనను గట్టిగా పట్టుకొని ఉన్నారు. గాయపడిన కెప్టెన్ కొద్ది నెలలలోనే తిరిగి విధులలో చేరగా, ఆయనను పట్టుకొన్న సిబ్బందిలో ఒకరు మానసిక వేదన కారణంగా కాలక్రమంలో ఉద్యోగం విడిచిపెట్టవలసి వచ్చినది.
* 2009 జనవరి 15న పక్షులు తగిలి రెండు ఇంజనులూ శక్తి కోల్పోయిన యు.ఎస్. ఎయిర్‌వేస్ 1549 విమానాన్ని న్యూయార్క్‌లోని హడ్సన్ నదిపై దించారు. 155 మందీ బ్రతికారు. అయినను తనకు కొన్ని వారాలపాటు నిద్ర పట్టలేదని కెప్టెన్ చెస్లీ సల్లెన్‌బర్గర్ తెలిపారు. రాడార్ తెరపై విమానం కనుమరుగైనపుడు అందరూ మరణించినట్లే భావించానని ఆ విమానంతో మాట్లాడిన నియంత్రణాధికారి అమెరికా కాంగ్రెసు ఎదుట వివరించారు. సహాయం విమానంలోని వారికే పరిమితం కారాదని దీనివలన తెలియుచున్నది.

చరిత్ర

అగ్నిమాపక దళంలోను, అంబులెన్సు సేవలోను పనిచేసిన అమెరికా మనస్తత్వవేత్త జెఫ్రీ మిచెల్ 1983లో 'డీబ్రీఫింగ్' అనే సామూహిక చర్చా పద్ధతిని ప్రతిపాదించారు. తరువాత ఇది మరింత విస్తృతమైన కార్యక్రమంగా రూపొంది, విమానయాన రంగానికి కూడా వ్యాపించినది. జర్మనీలో 1994లో స్థాపించబడిన మేడే ఫౌండేషన్ విమాన సిబ్బందికి ఇటువంటి సహాయం అందిస్తున్నది.

విధానం

1. సంఘటన ముగిసిన వెంటనే సిబ్బందిని తదుపరి విధుల నుండి తప్పించి, విశ్రాంతి, ఆహారం, కుటుంబంతో మాట్లాడే వీలు కల్పిస్తారు.
2. శిక్షణ పొందిన సహోద్యోగి వారిని కలుస్తారు. పైలట్‌కు పైలట్, క్యాబిన్ సిబ్బందికి అదే పని చేసేవారు తోడుగా ఉండుట ఈ పద్ధతి ప్రత్యేకత.
3. ఈ సంభాషణ గోప్యంగా ఉంటుంది. ప్రమాద దర్యాప్తుతో గాని, క్రమశిక్షణ చర్యలతో గాని దీనికి సంబంధం ఉండరాదు. ఈ నమ్మకం లేనిచో ఎవరూ మనసు విప్పి మాట్లాడరు.
4. లక్షణాలు తగ్గనివారిని మనస్తత్వ నిపుణుల వద్దకు పంపుతారు.
5. అవసరమైనచో సిమ్యులేటర్ అభ్యాసంతో క్రమంగా తిరిగి విధులలో ప్రవేశపెడతారు.

విమర్శ

2002లో వెలువడిన కాక్రేన్ సమీక్ష, ఒకేఒక్కసారి జరిపే వ్యక్తిగత డీబ్రీఫింగ్ వలన రుగ్మత నివారింపబడినట్లు ఆధారాలు లేవనియు, కొందరికి హాని కూడా కలుగవచ్చుననియు పేర్కొన్నది. ఈ పద్ధతి సమర్థకులు, అది అత్యవసర సేవల బృందాలకు ఉద్దేశింపబడినదని, విడిగా ఒక్కసారి వాడదగినది కాదని బదులిచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని, బాధితులను జరిగినది చెప్పమని ఒత్తిడి చేయరాదని సూచిస్తున్నది. చెప్పదలచినవారి మాటను ఓపికగా వినడమే అందులో ముఖ్యం.

నిబంధనలు

2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ 9525 విమానాన్ని సహపైలట్ ఉద్దేశపూర్వకంగా ఆల్ప్స్ పర్వతాలలో కూల్చివేయగా 150 మంది మరణించారు. అతడు తన అనారోగ్యాన్ని సంస్థకు తెలియనీయలేదు. ఈ దుర్ఘటన తరువాత ఐరోపా సమాఖ్య, వాణిజ్య విమాన సంస్థలన్నీ పైలట్లకు సహాయ కార్యక్రమాన్ని అందుబాటులో ఉంచాలని 2018లో నియమం చేసినది. అది 2021 ఫిబ్రవరి నుండి అమలులోకి వచ్చినది.

భారతదేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2023 ఫిబ్రవరిలో పైలట్ల, విమాన నియంత్రణాధికారుల మానసిక ఆరోగ్యంపై సర్క్యులర్ జారీచేసి, సహోద్యోగుల తోడ్పాటు కార్యక్రమాలను సూచించినది. 2025 జూన్ 12న అహ్మదాబాదులో జరిగిన ఎయిర్ ఇండియా 171 ప్రమాదం పిదప, జూన్ 16న ఆ సంస్థకు చెందిన 112 మంది పైలట్లు అనారోగ్య సెలవు కోరినట్లు ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపినది. ప్రమాదానికి గురైన విమానంలో లేని సహోద్యోగులకు సైతం తోడ్పాటు అవసరం కావచ్చునన్న చర్చకు ఇది దారితీసినది.