బురదలో దాగిన తారీఖు

2024 డిసెంబర్ 4, పొద్దున ఏడున్నర కావస్తోంది. తిరువూరులో మా వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. అమ్మ పిల్లేమో అనుకుంది. ఫ్యాను ఊగడం చూశాక అందరం వీధిలోకి పరిగెత్తాం. ములుగు దగ్గర భూకంపం, తీవ్రత 5.3 అని కాసేపటికి ఫోన్లలో తెలిసింది. మధ్యాహ్నానికి మర్చిపోయాం కూడా. కానీ ఆ తారీఖు, సమయం యంత్రాల్లో నమోదయ్యాయి. ఇదే సముద్రం అడుగున జరిగితే, అక్కడ పొరలు పగిలి గ్యాస్ బయటికొస్తే, ఆ లెక్క ఎవరు రాస్తారు?

కొన్నిసార్లు బురదే రాస్తుంది. 1945 నవంబర్ 28న మక్రాన్ తీరంలో, అంటే ఇప్పటి పాకిస్తాన్ దక్షిణ తీరంలో, 8.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. సునామీ బొంబాయి దాకా వచ్చింది. ఆ తర్వాత 62 ఏళ్లకు, 2007లో, మెటియోర్ అనే జర్మన్ పరిశోధక నౌక అక్కడి సముద్రం అడుగులోకి గొట్టాలు దింపి బురద తీసింది. కింద నుంచి వచ్చే మీథేన్, పైనున్న సముద్రపు నీటి సల్ఫేట్ కలిసేచోట బెరైట్ అనే ఖనిజం పేరుకుంటుంది. గ్యాస్ ప్రవాహం పెరిగితే ఆ హద్దు పైకి జరుగుతుంది. కొత్తచోట ఎంత బెరైట్ పేరుకుందో కొలిస్తే, గ్యాస్ ఎప్పటినుంచి పెరిగిందో అంచనా కట్టొచ్చు. డేవిడ్ ఫిషర్ బృందం కట్టిన లెక్క 20వ శతాబ్దం మధ్యకాలం దగ్గర ఆగింది. 1945 భూకంపమే కారణం కావచ్చని వాళ్లు 2013లో రాశారు. 'కావచ్చు' అన్నారు, అంతే. నాకు ఆ జాగ్రత్త నచ్చింది.

ఆ జాగ్రత్త ఎందుకో ఆర్కిటిక్‌లో ఇంకా బాగా తెలుస్తుంది. స్వాల్‌బార్డ్ దీవుల పశ్చిమాన, సుమారు 1,200 మీటర్ల లోతులో వెస్ట్‌నెసా అనే దిబ్బ నుంచి మీథేన్ బుడగలు లేస్తుంటాయి. మీటరు కూడా లేని ఆటుపోట్లకే అక్కడి అడుగున గ్యాస్ విడుదల మారుతోందని ఆ ప్రాంతంలో పెట్టిన పరికరాలు చూపాయి. కెరటం పెరిగితే తగ్గుతుంది, తగ్గితే పెరుగుతుంది. అంటే ఫలానా గ్యాస్‌ని భూకంపమే వదిలించిందని చెప్పాలంటే, భూకంపం లేని మామూలు రోజుల్లో అక్కడ ఏం జరుగుతుందో ముందే తెలిసుండాలి.

ఇక మన సంగతి. మా కట్టలేరులో పారిన నీళ్లు చివరికి కృష్ణలో కలిసి బంగాళాఖాతం చేరతాయి. కృష్ణా, గోదావరి లక్షల ఏళ్లుగా మోసుకెళ్లిన ఒండ్రు కింద మీథేన్, నీటితో కలిసి మంచులా గడ్డకట్టి ఉంది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ నౌక తవ్విన ఒకచోట ఆ హైడ్రేట్ ఉన్న పొర 128 మీటర్ల మందం తేలింది. 2018లో సింధు సాధన నౌక మీద వెళ్లిన మన శాస్త్రవేత్తలు ఇప్పటికీ గ్యాస్ ఊరుతున్న చోట్లు కనిపెట్టారు. అంతకుముందే అక్కడి బురదలో సుమారు 50 వేల ఏళ్లనాటి ఊటల గుర్తులు, మీథేన్ ఊటల దగ్గర బతికే ఆల్చిప్పల గుల్లలతో సహా, దొరికాయి. అప్పుడు ఊట ఎందుకు పుట్టింది, ఎందుకు ఆగింది?

మన సముద్రం కదలకుండా ఏం లేదు. 2014 మే 21 రాత్రి బంగాళాఖాతం అడుగున 6.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. తూర్పు తీరమంతా ఊగింది.

1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుంటే ఆ మంట రెండు నెలలకు పైగా కోనసీమ అంతా చూసింది. వెయ్యి మీటర్ల లోతులో గ్యాస్ లేస్తే మంట కనపడదు. అందులో చాలావరకు పైకి రాకముందే నీళ్లలో కరిగిపోతుంది. ఆ హైడ్రేట్‌ని ఇంధనంగా తీయాలని దేశం ఆలోచిస్తోంది. తీయొచ్చా, వద్దా అన్నది పెద్ద చర్చ. నేనడిగేది చిన్న విషయం: డ్రిల్లు దిగేలోపే అడుగున పరికరాలు పెట్టి, మామూలు రోజుల లెక్క ఏళ్ల తరబడి రాసి ఉంచండి. లేకపోతే రేపు గ్యాస్ పెరిగినప్పుడు అది భూకంపం పనో, కెరటం పనో, మన పనో తేల్చలేం. ఎవరికి వాళ్లు తప్పు సముద్రం మీదికి నెట్టేస్తారు.

మక్రాన్‌లో లెక్క రాయడానికి మనుషులు లేకపోయినా బురద రాసింది. అది చదవడానికి అరవై ఏళ్లు పైనే పట్టింది. మనకి అంత వ్యవధి ఉంటుందని నేను అనుకోను.